పడవకు పలుపు వేసిన రోజు

ఈ సంగతి జరిగి ఆరేళ్ళయింది. ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదని మీరు అడగవచ్చు. తీరిక లేక కాదు. సిగ్గుపడి అంతకన్నా కాదు, ఆ సరుకు నా దగ్గర మొదటినుంచీ తక్కువే. రాయడం రాక రాయలేదు. అరవై రెండేళ్ళు నిండేదాకా 'అ' ఎటు తిరిగి ఉంటుందో నాకు తెలియదు. ఇప్పుడు వచ్చింది కాబట్టి రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే అచ్చు వేసేవాళ్ళు సరిచేసుకుంటారు. సంగతి వంకరగా ఉంటే మాత్రం ఎవరూ ఏమీ చెయ్యలేరు, అది జరగడమే వంకరగా జరిగింది. ఎంత వంకరంటే, మనుషులు కాపురం ఉండేంత పడవ ఒకటి పక్కకి ఒరిగి గోడకి వేలాడింది. రైస్ కుక్కర్‌తో సహా. మా వియ్యపురాలితో సహా.

మాది కృష్ణా డెల్టాలో లాకుల పక్క పల్లె. బడిగంట కొట్టే వేళా, నేను గేదెలు విప్పే వేళా ఒకటే. ఒక మనిషి ఒకే వేళకి రెండు చోట్ల ఉండలేదు కదా! గేదెలు ముందు అడిగాయి, వాటి వెంట వెళ్ళాను. ఆ తరవాత పెళ్ళి, పాడి, పిల్ల. చదువు రాలేదన్న బెంగ నాకెప్పుడూ లేదు. నా కూతురు సునీత పెళ్ళి కుదిరే రోజు వచ్చేదాకా లేదు.

పెళ్ళికొడుకు విజయ్ బుద్ధిమంతుడు. వాళ్ళమ్మ రూతమ్మగారు హైస్కూలు హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. ఆవిడ మా ఇంట్లో కాఫీ తాగుతూ, "మీ అమ్మగారు ఎంతవరకు చదివారమ్మా?" అని సునీతని మామూలుగానే అడిగింది. సునీత కంగారులో "పదో తరగతండీ" అనేసింది. నేను వంటింటి గుమ్మంలో పకోడీల పళ్ళెంతో నిలబడి ఉన్నాను. పకోడీల కోసం లోపలికి వెళ్ళిన మనిషిని ఒక్క నిమిషంలో పదో తరగతి పాసై బయటికి వచ్చాను.

అప్పటినుంచి పదకొండేళ్ళు ఆ పదో తరగతిని నెత్తిన మోశాను. పాలబిందె నయం, ఇంటికి వెళ్ళాక దించుకోవచ్చు. నా చూపు గద్ద చూపు. అయినా కళ్ళజోడు కొనుక్కున్నాను. ఎందుకంటారా? మరిచిపోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా! ఎవరైనా కాగితం చేతికిస్తే, "అయ్యో, కళ్ళజోడు లోపల మరిచిపోయానమ్మా" అనేదాన్ని. అమెరికాలో ఎడిసన్ అనే ఊళ్ళో కూతురింటికి వచ్చాక తెలుగు చర్చికి వెళ్తే అక్కడ పాటల పుస్తకం చేతిలో పెట్టేవాళ్ళు. పక్కావిడ పేజీ తిప్పినప్పుడల్లా నేనూ తిప్పేదాన్ని. ఒకసారి పక్కావిడ జలుబు చేసి కర్చీఫ్ తీస్తే తొందరపడి రెండు పేజీలు తిప్పేశాను.

ఈ సంగతి జరిగిన ఏడాది ఆ చర్చిలోనే రూతమ్మగారు ప్రతి ఆదివారం వాక్యం చదివేది. పుస్తకం తెరిచి పట్టుకుని, దాని వైపు చూడకుండా, మా వైపు చూస్తూ గంట కొట్టినట్టు చదివేది. "చదువంటే అదీ!" అని నేను నోరు తెరుచుకుని వినేదాన్ని. ఆవిడకి నా సంగతి తెలిస్తే నా పరువు మాట దేవుడెరుగు, నా కూతురు అత్తగారికి అబద్ధం చెప్పిందన్న మాట జీవితాంతం నిలిచిపోతుంది. నాకున్న భయమల్లా అదొక్కటే.

మామూలుగా మేమిద్దరం వంతులవారీగా అమెరికా వచ్చేవాళ్ళం. ఆ ఏడాది టికెట్ల లెక్క తప్పి ఇద్దరం ఒకేసారి దిగాం. ఒకే వంటగదిలో ఇద్దరు అత్తలు! పప్పుచారులో బెల్లం వెయ్యాలని ఆవిడ, వేస్తే అది పప్పుచారే కాదని నేను. మూడు వారాలకి అల్లుడు చిక్కిపోయాడు. ఎక్కడికైనా తీసుకెళ్తే చల్లబడతామనుకున్నాడు కాబోలు, ఫోన్‌లో వీడియో ఒకటి చూపించాడు. ఫ్రాన్స్‌లో నది. రెండు గట్ల మీదా ద్రాక్షతోటలు. మధ్యలో తెల్లటి పడవ. నడిపేది జీతగాడు కాదు, షికారుకి వచ్చిన వాళ్ళే.

"లైసెన్స్ కూడా అక్కర్లేదు అత్తయ్యా. మనమే డ్రైవ్ చేసుకోవచ్చు. అందులోనే వంట, అందులోనే పడక."

"కారు నడపాలంటే పరీక్ష పెడతారు, పడవకి వద్దా?" అన్నాను.

"స్లోగా వెళ్తుంది కదా, ఏమీ కాదు."

ఈ 'ఏమీ కాదు' అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

మా ఇద్దరికీ ఫ్రాన్స్ వీసా కావాలట. దానికి అపాయింట్‌మెంట్ దొరికేలోపు మా అమెరికా గడువే అయిపోయేట్టుంది. అల్లుడు వెతికి వెతికి, న్యూయార్క్ రాష్ట్రం పైభాగంలో పాత కాలువ ఒకటి పట్టుకున్నాడు. అక్కడ కూడా అచ్చం అలాంటి పడవలే అద్దెకిస్తారట. "కాలువా? లాకులుంటాయా?" అని అడిగాను. ఉంటాయన్నాడు. "అయితే ఇంకేం! నేను పుట్టిందే లాకుల పక్కన. నాకు తెలియని లాకులా!" అని ఛాతీ విరుచుకున్నాను. మా ఊరి లాకుల్లో పడవలు ఎక్కడం దిగడం గట్టు మీద గేదె పక్కన కూర్చుని చూసినదాన్నే గాని, ఒక్కసారీ ఎక్కినదాన్ని కాదని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

పడవ దగ్గరికి చేరాం. నేను, రూతమ్మగారు, సునీత, విజయ్, నా మనవరాలు హన్నా. హన్నాకి తొమ్మిదేళ్ళు. పడవ అద్దెకిచ్చే ఆయన గంటసేపు ఇంగ్లీషులో చెప్పాడు. అల్లుడు తల ఊపాడు. చివర్లో ఆయన ప్లాస్టిక్ తొడుగు వేసిన అట్ట ఒకటి ఇచ్చి వెళ్ళాడు. అల్లుడు మా ఇద్దరినీ పిలిచాడు.

"అమ్మా, అత్తయ్యా, మీ జాబ్ సింపుల్. లాక్‌లోకి వెళ్ళాక గోడ పైనుంచి తాళ్ళు వేలాడుతుంటాయి. ముందు ఒకరు, వెనక ఒకరు తాడు పట్టుకోవాలి. మిగతా రూల్స్ అన్నీ ఈ షీట్‌లో ఉన్నాయి. ఇద్దరూ చదివేయండి."

సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇదొక జబ్బు. నోటితో చెప్పాల్సినదాన్ని కాగితంలో పెట్టి, కాగితాన్ని ఎదుటివాళ్ళ చేతిలో పెట్టి, తమ పనైపోయిందనుకుంటారు. అట్ట రూతమ్మగారి చేతికిచ్చి ఇంజను దగ్గరికి పోయాడు. అమ్మయ్య, ఆవిడ చదువుతుంది, నేను వింటాను అనుకున్నాను. ఆవిడ అట్టని అలా ఒకసారి చూసి నా చేతిలో పెట్టింది.

"మీరు చదివి చెప్పండి వదినగారూ. కదిలే పడవలో చదివితే నాకు తల తిరుగుతుంది."

పడవ ఇంకా కదల్లేదు. గట్టుకి కట్టేసే ఉంది. ఆ సంగతి నాకు అప్పుడు తట్టి ఉంటే ఈ కథే లేదు. నాకు తట్టిందల్లా, కళ్ళజోడు మరిచిపోదామంటే అది నా ముక్కు మీదే ఉందని. ప్రయాణం కదా, పెద్దమనిషి తరహాగా ఉంటుందని పొద్దున్నే పెట్టుకున్నాను!

అట్ట కళ్ళ ముందు పెట్టుకున్నాను. ఒక్క బొమ్మ లేదు. నల్లచీమల బారులు, మధ్యలో ఎర్రచీమల బారు ఒకటి. చర్చిలో చేసినట్టే పెదాలు కదిపాను. కాసేపు కదిపి, తల పంకించి, దించాను.

"ఏముంది?"

"అంతా మంచి మాటలే వదినగారూ."

"మంచి మాటలంటే?"

"జాగ్రత్తగా ఉండమన్నారు. నీళ్ళలో పడొద్దన్నారు. తాడు గట్టిగా పట్టుకోమన్నారు."

"మధ్యలో ఎర్రగా ఏదో ఉన్నట్టుందే?"

"అదా... మరీ గట్టిగా పట్టుకోమని."

ఆవిడ "మంచిది" అంది. నేను అట్టని నూనె సీసా వెనక దాచేశాను.

మొదటి లాకు ఆ మధ్యాహ్నమే వచ్చింది. లాకు అంటే తెలియనివాళ్ళకి చెబుతాను. కాలువ ఒకచోట ఎత్తు, ఒకచోట పల్లం. రెంటి మధ్యా రెండు గేట్ల గది. పడవ గదిలోకి వెళ్ళగానే గేట్లు మూసి నీళ్ళు నింపితే పడవ పైకి లేస్తుంది, వదిలితే కిందికి దిగుతుంది. ఆరోజు మేం ఎక్కాలి. చుట్టూ నాచు పట్టిన గోడలు, బావిలో ఉన్నట్టుంది. పైనుంచి తాళ్ళు వేలాడుతున్నాయి. ముందు రూతమ్మగారు, వెనక నేను తాళ్ళు పట్టుకున్నాం.

రెండు నిమిషాలకే నా చెయ్యి పీకింది. చూద్దును కదా, పడవ అంచున ఇనుప ముక్క ఒకటి, అటో కొమ్ము ఇటో కొమ్ము, అచ్చం మా చుక్కగేదె తలలాగా ఉంది. నా మాట వినండి. నేను కట్టాలనుకోలేదు. నలభై ఏళ్ళు రోజుకి రెండు పూటలా గేదెలకి పలుపు వేసిన చేతులివి. కొమ్ములూ తాడూ ఒకచోట కనబడితే నన్ను అడగవు. రెండు చుట్లు, ఒక మెలి, ఒక బిగింపు. అయిపోయింది. సంచీలోంచి జంతికలు తీసుకుని కూర్చున్నాను.

ముందు నుంచి రూతమ్మగారు కేకేసింది. "తాడు ఏదీ? వదిలేశారా వదినగారూ?"

"లేదండీ, కట్టేశాను."

"కట్టొచ్చా?"

"కాగితంలో ఉందండీ. ఎనిమిదో లైను."

ఎనిమిదే ఎందుకన్నానో నాకు తెలియదు. అబద్ధానికి అంకె తోడైతే నిజంలాగా నిలబడుతుంది. నీళ్ళు నిండాయి, పడవ లేచింది, నా తాడు వదులై వేలాడింది, ఏమీ కాలేదు. రూతమ్మగారు మాత్రం చేతులు ఎర్రగా కంది, ఊదుకుంటూ వచ్చింది. "ఎనిమిదో లైను ముందే చెప్పొద్దూ!" అని నిష్ఠూరమాడింది. నేను జంతిక ఇచ్చాను.

ఆరోజంతా రాజభోగం. కాలువ సూటిగా ఉంది, మా అల్లుడు వంకరగా ఉన్నాడు. ఈ గట్టుకి ఒకసారి, ఆ గట్టుకి ఒకసారి పడవని ముద్దుపెట్టిస్తూ నడిపాడు. రెండు గట్లా పచ్చటి చెట్లు, బాతులు, కుర్చీలేసుకుని చేపలు పట్టే ముసలాళ్ళు. మేం పప్పుచారు వాసన వదులుకుంటూ పోతుంటే వాళ్ళు గాలాలు వదిలి చూశారు.

రెండో రోజు మధ్యాహ్నం వెనక్కి తిరిగాం. మళ్ళీ అదే లాకు. కానీ ఇప్పుడు దిగాలి. ఎక్కడానికీ దిగడానికీ తేడా ఉంటుందని గట్టు మీది గేదెకి కూడా తెలిసి ఉంటుంది. నాకు తట్టలేదు.

"వదినగారూ, ఇవాళ మీరు కూడా కట్టెయ్యండి. చేతులు పాడుచేసుకోకండి" అన్నాను పెద్దమనసుతో.

"మీరే కట్టి పెట్టండి. నాకు ఆ ముడి రాదు."

నలభై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి నన్ను నేర్పమన్నట్టే అనిపించింది నాకు. గర్వంతో కళ్ళు మూసుకుపోయాయి. ముందుకు వెళ్ళి ఆవిడ తాడు కట్టాను. వెనక్కి వచ్చి నాది కట్టాను. నిన్నటికన్నా ఒక చుట్టు ఎక్కువే వేశాను. గోడకి కాలు తన్నిపెట్టి మరీ బిగించాను. లాకు నిండుగా ఉంది కాబట్టి గోడ పైఅంచు మా భుజాల దాకానే ఉంది. తాడు పొట్టిగా, బిర్రుగా కూర్చుంది.

నిన్న గదిలోంచి బయటికి రాని లాకు మనిషి ఇవాళ గట్టు మీద నిలబడి ఉన్నాడు. మా వైపు లస్కరు అంటాం, ఇక్కడేమంటారో. గుబురు మీసాల ముసలాయన. మమ్మల్ని చూసి చేతులూపుతూ ఏదో అరిచాడు. ఇంజను చప్పుడులో ఏమీ వినబడలేదు. నా ముడి చూసి మెచ్చుకుంటున్నాడనుకుని నేనూ చెయ్యి ఊపాను. ఆయన ఇంకా గట్టిగా ఊపాడు. నేనూ ఇంకా గట్టిగా ఊపాను. అంతలో ఆయన గదిలో ఉన్న ఇంకెవరో మీట నొక్కారు. నీళ్ళు దిగడం మొదలైంది.

మొదట కిర్రుమంది. పాలు పితికే ముందు గేదె నిట్టూర్చినట్టు. తరవాత మా వైపు అంచు అక్కడే ఉండిపోయింది. అటువైపు అంచు మాత్రం నీళ్ళతో పాటు కిందికి పోతోంది.

లోపల్నుంచి హన్నా అరిచింది. "అమ్మమ్మా! రైస్ కుక్కర్ నడుస్తుంది!"

"దానికి కాళ్ళెక్కడివే?"

"నో, సీరియస్‌గా! అది నా దగ్గరికి వస్తుంది!"

కుక్కర్ ఒక్కటే కాదు, గోంగూర జాడీ, చెప్పులు, సునీత చేతిలో మ్యాపు, అన్నీ ఒకే దిక్కుకి పెళ్ళివారిలా బయలుదేరాయి. చక్రం దగ్గర అల్లుడు కుర్చీతో సహా జారుతున్నాడు.

"తాళ్ళు వదలండి! తాళ్ళు వదిలెయ్యండి!"

"వదలం బాబూ! కట్టేశాం!"

"ఏం చేశారూ?"

"కట్టేశాం! గట్టిగా కట్టాం, మీరేం భయపడకండి!"

అల్లుడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "విప్పండి అత్తయ్యా, విప్పండి!" అని ఏడుపు గొంతుతో అరిచాడు. గేదె బెదిరి ఎదురు లాగుతున్నప్పుడు పలుపు విప్పడం ఎవరివల్లా కాదు. ఇక్కడ లాగుతున్నది గేదె కాదు, పడవ. ముడి రాయిలా బిగిసింది. నా గోళ్ళు రెండు విరిగాయి. ముందు రూతమ్మగారు అంచు కమ్మీని కావలించుకుని, నిండు కంఠంతో "ప్రభువా, ప్రభువా" అంటోంది. చర్చిలో కూడా ఆవిడ అంత భక్తిగా పిలవగా నేను వినలేదు.

లస్కరు ముసలాయన పరిగెత్తి ఏదో తిప్పాడు. నీళ్ళు ఆగాయి. పడవ కూడా ఆగింది, మేకుకి తగిలించిన చొక్కాలాగా. ఆయన పైనుంచి వంగి నెమ్మదిగా, చేత్తో చూపిస్తూ చెప్పాడు. సునీత తెలుగులో చెప్పింది. "మళ్ళీ నీళ్ళు నింపుతారట. పది నిమిషాలు పడుతుందట. ఎవరూ కదలకుండా లోపల కింద కూర్చోమంటున్నారు."

అందరం పాక్కుంటూ లోపలికి వెళ్ళి, వాలిన గోడకి వీపులానించి కూర్చున్నాం. ఒళ్ళంతా గోంగూర. కూర్చోగానే విచారణ మొదలైంది.

"అసలు కట్టమని ఎవరు చెప్పారు?" అన్నాడు అల్లుడు.

రూతమ్మగారు నన్ను చూపించలేదు గాని, "కాగితంలో ఉంది కదరా. ఎనిమిదో లైను. మీ అత్తగారు చదివి చెప్పారు" అంది.

"కాగితంలోనా? కట్టకూడదనే కదా ఉంది!"

నూనె సీసా వెనకున్న అట్ట కూడా అప్పటికి జారి మా కాళ్ళ దగ్గరికే వచ్చింది. హన్నా దాన్ని తీసి, గోంగూర తుడిచి, పైకి చదివింది. ఎర్రచీమల బారు. తాళ్ళని పడవకి ఎప్పుడూ, ఏ కారణంతోనూ కట్టవద్దు, చేత్తోనే పట్టుకోండి అని. ఇంగ్లీషులో చదివి, నాకోసం తెలుగులో కూడా చెప్పింది, పాపం. "కట్టద్దు అని ఉంది అమ్మమ్మా. బిగ్ లెటర్స్‌లో ఉంది."

అందరూ నా వైపు చూశారు. పడవ వాలి ఉంది కాబట్టి చూడకుండా ఉందామన్నా వాళ్ళ తలలు నా వైపే తిరిగి ఉన్నాయి. నేను ఇంకో అబద్ధం కోసం తడుముకున్నాను. ఆ అట్ట వేరు అందామా? ఫ్రాన్స్‌లో రూలు వేరు అందామా? కళ్ళజోడు... కళ్ళజోడు ముక్కు మీదే ఉంది, ఒక అద్దం మీద గోంగూర ఆకుతో. సునీత తల దించుకుని ఉంది. నా కూతురు తల దించుకోవడం నాకు నచ్చలేదు.

"నాకు చదువు రాదు" అన్నాను. "పదో తరగతి కాదు, ఒకటో తరగతి కూడా కాదు. బడి గుమ్మం తొక్కలేదు. పిల్ల కంగారులో అన్న మాటని కాపాడుకుంటూ వచ్చింది నేను. అబద్ధం ఆడింది నేను. సునీతని ఏమీ అనకండి."

బయట నీళ్ళ చప్పుడు. రూతమ్మగారు చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. ఇప్పుడు ఆవిడ నోరు విప్పుతుంది, పదకొండేళ్ళ వడ్డింపు ఒకేసారి వడ్డిస్తుంది అని మెడ వంచుకుని కూర్చున్నాను.

"నాకు కనపడదు" అంది ఆవిడ.

"ఏంటమ్మా?" అన్నాడు అల్లుడు.

"కనపడదురా. రెండేళ్ళయింది. శుక్లాలు. మీ ముఖాలు తెలుస్తాయి, అక్షరాలు తెలియవు. ఆ అట్ట మీద నాకు ఎర్రగా మరక కనబడింది, అంతే."

"మరి చెప్పలేదే!"

"చెబితే కంట్లో కత్తి పెట్టిస్తావు. నాకు భయం."

నాకు చప్పున ఏదో వెలిగింది. "మరి ఆదివారం వాక్యం?"

"బట్టీ" అంది ఆవిడ.

"మొన్న పాస్టరుగారు ఒకటి చదవమంటే మీరు ఇంకోటి చదివారు కదండీ! ఆత్మ నడిపించింది అని చర్చంతా చప్పట్లు కొట్టింది!"

"ఆయన అడిగింది నాకు నోటికి రాదు. వచ్చింది చదివాను. చప్పట్లు కొడితే వద్దనమంటారా?"

అల్లుడు మమ్మల్ని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "అంటే... చదవడం రాని ఆవిడ చదివింది, కనపడని ఆవిడ విన్నది. నేను ఈ ఇద్దరి చేతికా తాళ్ళు ఇచ్చింది!" అని నెత్తి పట్టుకున్నాడు.

ముందు నవ్వింది సునీత. తరవాత హన్నా, ఎందుకో తెలియకుండానే. రూతమ్మగారి పొట్ట కదలడం మొదలైంది. ఇక నాకూ ఆగలేదు. పైనుంచి లస్కరు ముసలాయన తొంగి చూసి, లోపల ఏడుస్తున్నామనుకుని, "ఓకే? ఓకే?" అని కంగారుగా అడిగాడు. వేలాడే పడవలో గోంగూర పూసుకుని నవ్వుతున్న కుటుంబాన్ని ఆయన అంతకు ముందు చూసి ఉండడు.

నీళ్ళు నిండాయి. పడవ నెమ్మదిగా నిలబడింది. ఆయన దిగివచ్చి ముడి విప్పబోయాడు. రాలేదు. చిన్న ఇనుప చువ్వ తెచ్చి గుచ్చాడు. రాలేదు. నేను ఆయన్ని పక్కకి జరగమని, కొసని ఎదురు తిప్పి ఒక్క లాగు లాగాను. జలజలా ఊడిపోయింది. ఆయన ఏదో అడిగాడు.

"ఈ ముడి ఎక్కడ నేర్చుకున్నారంటున్నాడమ్మా" అంది సునీత.

"గేదె దగ్గరని చెప్పు."

సునీత చెప్పింది. ఆయన టోపీ తీసి నాకు దణ్ణంలాంటిది పెట్టాడు. నేను పొందిన మొదటి పట్టా అదే. వెంటనే టోపీ పెట్టుకుని, వేలు చూపించి, మళ్ళీ కట్టావో చూడు అన్నట్టు బెదిరించాడు కూడా. తరవాత మేం తాళ్ళు చేత్తో పట్టుకుని, బుద్ధిగా, పరీక్షలో పిల్లల్లా దిగాం.

కాబట్టి ఇది చదివే సమస్త జనులకూ చర్చిలో సాక్ష్యం చెప్పినంత గంభీరంగా ప్రకటిస్తున్నాను. నా కంఠంలో ప్రాణం ఉండగా, నీళ్ళ మీద తేలేది ఏదైనా సరే, పడవ కానీ బాతు కానీ, దానికి పలుపు వెయ్యను. గట్టు మీది మనిషి చేతులూపితే తిరిగి ఊపను. ఎర్ర రంగులో ఉన్నదాన్ని 'మరీ గట్టిగా' అని చదవను. అబద్ధానికి లైను నంబరు ఇవ్వను. పప్పుచారులో బెల్లం సంగతి మాత్రం నన్ను అడగవద్దు, అక్కడ నేను తగ్గలేదు.

మర్నాడు పొద్దున్నే ఉప్మా చేద్దామని రవ్వ ప్యాకెట్టు తీశాను. ఎడిసన్‌లో కొన్నది, పైన తెలుగు అక్షరాలున్నాయి. పెద్దవి రెండే. ఇన్నేళ్ళు అలాంటివి ఎన్ని చింపానో! రూతమ్మగారు పొయ్యి పక్కన కూర్చుని కాఫీ తాగుతోంది. నేను ప్యాకెట్టు చింపకుండా ఆవిడ ఎదురుగా కూర్చున్నాను.

"వదినగారూ, మొదటిది సున్నాలాగా గుండ్రంగా ఉంది. నెత్తిన చిన్న కొమ్ముంది."

ఆవిడ గ్లాసు దించింది. ముప్పై మంది పిల్లలు ఎదురుగా కూర్చున్నట్టు వెన్ను నిటారైంది. "పొట్టలో ఏమైనా ఉందా?"

"ఖాళీ."

"చుక్క ఉంటే ఠ. ఖాళీగా ఉంది కాబట్టి ర. అనండి."

"ర."

"రెండోది?"

"పడుకున్న గేదె తలెత్తి చూసినట్టుంది. దీనికీ కొమ్ముంది."

"గేదెలా పడుకునేవి రెండున్నాయి. తోక ఉందా?"

"లేదు."

"తోక ఉంటే మ. లేదు కాబట్టి వ. దాని కింద ఏమైనా ఉందా?"

ప్యాకెట్టు కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశాను. "ఉందండీ. దూడ ఉంది. తల్లి కిందే నక్కి ఉంది."

"దాన్ని వత్తు అంటారు. ఇప్పుడు మొత్తం కలిపి చదవండి."

చదివాను. మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. చూస్తుండగానే ఎండెక్కింది. అల్లుడు లేచి కళ్ళు నులుముకుంటూ వచ్చి, "ఉప్మా అవలేదా అత్తయ్యా?" అన్నాడు. నేను ప్యాకెట్టుని ఒళ్ళో దాచుకుని, బ్రెడ్డు ముందుకు తోశాను.

"పుస్తకాన్ని ఎవరైనా వండుకుంటారా బాబూ?"